వీహెచ్‌ఎఫ్‌లో పిలుపు వేరు, ఆగమనడం వేరు

ప్రశ్న: మా అబ్బాయి పనామా జెండా ఉన్న సరుకు ఓడలో థర్డ్ ఆఫీసర్. నడిసముద్రంలో ఏ దేశం యుద్ధనౌక అయినా ఆగమంటే ఆగాలా? ఆ మాట ఎలా చెబుతారు? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. – ఒక తండ్రి, గాజువాక, విశాఖపట్నం

జవాబు: మామూలుగా ముందు ఓడల మధ్య మాటలకు వాడే వీహెచ్‌ఎఫ్ రేడియో 16వ ఛానల్‌లో పిలుస్తారు. ఓడ పేరు, జెండా, ఎక్కడి నుంచి ఎక్కడికి అని అడుగుతారు. అది ఆగమనడం కాదండీ. సరిగ్గా జవాబిస్తే చాలాసార్లు అక్కడితో సరి.

నిజంగా ఆపాలనుకుంటే ‘ఎల్’ జెండా ఎగరేస్తారు. పసుపు, నలుపు నాలుగు గళ్లు. ‘మీ ఓడను వెంటనే ఆపండి’ అని దానర్థం. నేవీ డేకి ఓడలకు కట్టే రంగురంగుల జెండాలను ఆర్కే బీచ్ నుంచి చూసి అలంకారం అనుకుంటాం గానీ, వాటిలో చాలావాటికి ఒక్కో అక్షరమో, అంకో ఉంటుంది. చీకట్లో ఆ ‘ఎల్’నే దీపంతో చెబుతారు: చిన్న, పెద్ద, చిన్న, చిన్న మెరుపులు. ‘ఎస్‌క్యూ3’ అనే సంకేతం ఇస్తే ఆగండి, మీ ఓడ ఎక్కుతున్నాం అని.

ఇక హక్కు సంగతి. 12 నాటికల్ మైళ్ల తీర జలాలు దాటాక పరాయి జెండా ఓడను ఊరికే ఆపడానికి లేదు. 1982 సముద్ర చట్ట ఒప్పందం 110వ అధికరణం ప్రకారం పైరసీ (సముద్రపు దోపిడీ), బానిస వ్యాపారం, జెండా లేని ఓడ వంటి గట్టి అనుమానం ఉండాలి. అనుమానం తప్పని తేలి, ఓడ వైపు తప్పేమీ లేకపోతే పరిహారం ఇవ్వాలి. తమ జలాల్లో నేరం చేసిన ఓడను వెంటాడాలన్నా, దానికి కనిపించేంత లేదా వినిపించేంత దూరం నుంచి ఆగమని సంకేతం ఇచ్చాకే మొదలెట్టాలి. 1997లో పశ్చిమాఫ్రికా దేశం గినీ గస్తీ పడవలు ‘సైగా’ అనే ట్యాంకర్‌పై కాల్పులు జరిపి పట్టుకున్నాయి. సంకేతాలూ హెచ్చరికలూ లేకుండా కాల్చడం క్షమించరానిదని 1999లో సముద్ర చట్టాల ట్రిబ్యునల్ తేల్చి, పరిహారం ఇప్పించింది.

ఇదంతా శాంతి కాలపు మాట. యుద్ధం నడుస్తుంటే తటస్థ ఓడలను కూడా ఆపి సోదా చేసే హక్కు పోరాడే దేశాలకు ఉంది.

హక్కు లేదు కదా అని ఓడను ముందుకు పోనివ్వమని మాత్రం నేను చెప్పను. సంకేతం కనిపించగానే మీవాడు కెప్టెన్‌ను బ్రిడ్జికి, అంటే ఓడ నడిపే గదికి పిలవాలి. వచ్చింది నేవీయేనని రూఢి చేసుకుని ఓడ ఆపడం, కంపెనీకి చెప్పడం కెప్టెన్ పని. సమయం, స్థానం, ఏ సంకేతం ఇచ్చారో లాగ్‌బుక్‌లో రాయమనండి. ఓడకు బ్లాక్ బాక్స్ లాంటి వీడీఆర్‌లో పాత రికార్డింగ్ మీద కొత్తది పడిపోతుంది, దాన్ని అప్పుడే సేవ్ చేయించాలి. రేపు పరిహారం అడిగితే మొదట చూసేది వాటినే.