సిమెంటు ఇటుక కూడా ఇటుకేనా?

సందేహం: అనంతపురంలో కొత్త ఇల్లు కట్టుకుంటున్నాం. మేస్త్రితో రాసుకున్న ఒప్పంద కాగితంలో ‘రాతి పునాది, 9 అంగుళాల ఇటుక గోడలు’ అని ఉంది. ఇప్పుడాయన 16 అంగుళాల పొడవున్న సిమెంటు ఇటుకలు దింపాడు. అడిగితే ‘ఇవీ ఇటుకలే కదా సార్’ అంటున్నాడు. తెలుగు పండితులైన మా మామగారేమో ‘ఇటుక అంటే కాల్చిన మట్టి. సిమెంటు ఇటుక అనే మాటే తప్పు’ అంటున్నారు. ఎవరిది ఒప్పు? ‘రాతి పునాది’ అనాలా, ‘రాయి పునాది’ అనాలా?

సమాధానం: మీ మామగారితో విభేదించక తప్పడం లేదు. ‘ఇటుక’ అనే మాటలో కాల్చడం అనే అర్థం లేదు. సంస్కృతంలోని ‘ఇష్టక’ ప్రాకృతం మీదుగా మనకు ఇటుక అయింది. ఇటిక, ఇటికె అన్నా తప్పు లేదు. ఆ సంస్కృతంలోనే కాల్చినదాన్ని పక్వేష్టక అనీ పచ్చిదాన్ని ఆమేష్టక అనీ విడదీసి చెప్పుకున్నారు. మృచ్ఛకటికం అనే సంస్కృత నాటకంలో దొంగ శర్విలకుడు చారుదత్తుడి ఇంటికి కన్నం వేయబోతూ గోడల రకాలు ఏకరువు పెడతాడు: కాల్చిన ఇటుకలైతే ఊడబెరకాలి, పచ్చి ఇటుకలైతే కోయాలి, మట్టి ముద్దల గోడైతే తడపాలి, కర్ర గోడైతే చీల్చాలి. గోడ దేనితో కట్టారన్నది ఇంత శ్రద్ధగా విచారించేవాళ్ళు ఇల్లు కట్టించేవాళ్ళలో కూడా తక్కువే! తెలుగులోనూ ‘పచ్చి ఇటుక’ వాడుకలో ఉన్నదే. కాలిస్తేనే ఇటుక అయ్యేటట్టయితే, కాల్చడానికి బట్టీలో పేర్చేది దేన్ని?

అచ్చులో పోసి, ఒకే కొలతలో తీసి, వరసలుగా పేర్చి గోడ కట్టడానికి పనికివచ్చేది ఇటుక. పదార్థం ఏదైనా కావచ్చు. ‘నూనె’ చూడండి. ఆ మాట పుట్టింది నువ్వుల నుంచి, నూ + నెయ్యి. అయినా వేరుశనగ నూనె అనడం తప్పని అనంతపురంలో ఎవరైనా అనగలరా? మాట అర్థం ఇలా విస్తరించడాన్నే అర్థవ్యాకోచం అంటారు. థర్మల్ కేంద్రాల బొగ్గు బూడిదకు సున్నమో సిమెంటో కలిపి, నీళ్ళు పట్టి గట్టిపరిచే బూడిద ఇటుకలు బట్టీ ముఖమే చూడవు. వాటినీ జనం ఇటుకలనే అంటున్నారు.

అయితే మేస్త్రి గెలిచాడని కాదు. మాటకు నిఘంటువులో ఉన్న అర్థం వేరు, కాగితంలో ఉన్న అర్థం వేరు. ఏ విశేషణమూ లేకుండా ‘ఇటుక గోడ’ అంటే ఇప్పటికీ ఎక్కువమందికి తోచేది ఎర్ర ఇటుకే. పైగా మీ కాగితంలో 9 అంగుళాలనే సాక్ష్యం ఉంది. ఎర్ర ఇటుక రమారమి 9 అంగుళాల పొడవు, నాలుగున్నర వెడల్పు ఉంటుంది. తొమ్మిదంగుళాల గోడ, నాలుగున్నర గోడ అనే మాటలు ఆ కొలతల నుంచే వచ్చాయి. 16 అంగుళాల సిమెంటువి మామూలుగా 4, 6, 8 అంగుళాల మందంలో దొరుకుతాయి. పూతతో కలిపితే తొమ్మిది వస్తుందని ఆయన అనవచ్చు. కానీ గోడ మందం చెప్పేటప్పుడు పూతను లెక్కలోకి తీసుకోరు. కాబట్టి భాష ఆయన పక్షం, ఒప్పందం మీ పక్షం.

ఒంటి చేత్తో అందుకుని పేర్చగలిగినదాన్ని ఇటుక అనీ, రెండు చేతులూ కావలసినదాన్ని బ్లాకు అనీ అంటే ఈ తగాదాలు తగ్గుతాయి. పత్రికలు ‘సిమెంటు దిమ్మె’ అని రాస్తున్నాయి గానీ, విగ్రహం నిలబెట్టేదీ దిమ్మే కనుక నా ఓటు బ్లాకుకే. ఎండకు ఏది మేలు, బరువుకు ఏది మేలు అన్నది ఇంజనీరు చెప్పాలి. కాగితం మీద మాత్రం ‘కాల్చిన ఎర్ర ఇటుక’ అనో ‘బూడిద ఇటుక’ అనో ‘సిమెంటు బ్లాకు’ అనో విడమరచి రాయించుకోండి.

రాయి విషయంలోనూ అంతే, ఏ రాయో పేరు పెట్టి రాయించుకోండి. అనంతపురం గుట్టల్లో దొరికేది గ్రానైటు జాతి, తాడిపత్రి, బేతంచెర్ల వైపు దొరికేది నాపరాయి. ముంబయి వంటిళ్ళలో గట్టు మీద పరిచే నల్ల బండనైతే అక్కడివాళ్ళు ఊరి పేరుతోనే ‘కడప్పా’ అంటారు.

ఇక వ్యాకరణం. రాయి, చేయి, నూయి, గోయి వంటి మాటలు ఔపవిభక్తికాలు. మరో నామం ముందు చేరినప్పుడు వీటి చివరి ‘యి’ స్థానంలో ‘తి’ వస్తుంది: రాతి గోడ, చేతి పని, నూతి నీళ్ళు. అందుచేత ‘రాతి పునాది’ సరైనది. ఇటుకకు ఈ మార్పు లేదు. ‘పునాది రాయి’ అన్నది కూడా సరైన మాటే, కానీ అర్థం వేరు: అది పునాదిలో వేసే ఒక్క రాయి. కాగితంలో ఆ రెండు పదాలూ తారుమారు కాకుండా చూసుకోండి, లేకపోతే మేస్త్రి ఒకే రాయి దింపి ఊరుకోవచ్చు.