గవర్నర్ గారి మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

దువ్వూరి సుబ్బారావు గారి మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. 1972 సివిల్స్‌లో ఫస్ట్ ర్యాంకు, ఖమ్మం కలెక్టరు, రాష్ట్ర ఆర్థిక కార్యదర్శి, ప్రపంచ బ్యాంకు, కేంద్ర ఆర్థిక కార్యదర్శి, రిజర్వ్ బ్యాంక్ గవర్నరు, అన్నీ వరసగా ఉన్నాయి. కానీ ఆయన ఎన్ని కుర్చీల్లో కూర్చున్నారో తెలిసింది గానీ, ఆ కుర్చీల్లో ఏం తేల్చుకోవాల్సి వచ్చిందో తెలియలేదు. పైగా ఆయన సబ్ కలెక్టరుగా చేసిన పార్వతీపురాన్ని ఒక్క ముక్కలో దాటేశావు. విజయనగరంలో ఉండి అదెలా దాటేశావయ్యా? అప్పటికి మన జిల్లాయే పుట్టలేదు, పార్వతీపురం శ్రీకాకుళం కింద ఉండేది.

నేనైతే 2008 సెప్టెంబరు దగ్గర మొదలుపెడతాను. 5న గవర్నరయ్యారు, 15న అమెరికాలో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు దివాలా తీసి ప్రపంచమంతా ఆర్థిక సంక్షోభం ముదిరింది. పది రోజులు! ఆ దెబ్బ ఇక్కడ గట్టిగా తగలకుండా బ్యాంకులకు తాను ఇచ్చే అప్పు మీద రిజర్వ్ బ్యాంక్ తీసుకునే వడ్డీని, అదే రెపో రేటుని, 9 శాతం నుంచి మరుసటి ఏప్రిల్‌కల్లా 4.75కి దించారు. ఆ తర్వాత ధరలు మండిపోతుంటే 2010 మార్చి నుంచి 2011 అక్టోబరు దాకా 13 సార్లు పెంచి 8.5కి తీసుకెళ్లారు. నువ్వు దీన్ని రెండు లైన్లలో చెప్పేశావు. నీ వ్యాసానికి ప్రాణం అక్కడుంది.

2011లో నేను పలాస వెళ్లాను. జీడిపిక్కలు వేసవిలోనే కొనిపెట్టుకోవాలి, 80 కిలోల బస్తాలు గోడౌన్ నిండా పేర్చి ఏడాదంతా ఆడించుకోవాలి, దానికంతా బ్యాంకు సీసీయే, అంటే సరుకు చూపించి వాడుకునే క్యాష్ క్రెడిట్ అప్పే, ఆధారం. ఒక షెడ్డు యజమాని బ్యాంకు వడ్డీ మారినప్పుడల్లా గోడ మీది క్యాలెండర్‌లో పెన్సిల్‌తో కొత్త అంకె వేసుకునేవాడు, పాతది చెరపకుండా. "ఏటి బాబూ, ఇంకెన్నిసార్లు పెంచుతారు?" అని నన్నడిగాడు. అదే షెడ్డులో చేతులకు బూడిద రాసుకుని పిక్కలు కొడుతున్న ఆవిడకి సీసీ అంటే తెలీదు, కందిపప్పు ధర తెలుసు. గవర్నరు వడ్డీ పెంచింది ఆవిడ కొనే సరుకుల ధర అదుపులో పెట్టడానికి, ఆ దెబ్బ తగిలింది ఆవిడకి కూలిచ్చే మనిషికి. ఇద్దరూ ఒకే కప్పు కింద ఉన్నారు. ఇది రాయి తమ్ముడూ, ఎవరి పక్షమూ తొందరపడి తీసుకోకు.

ఇంకోటి. పదవి దిగే ముందు, 2013 ఆగస్టులో, ఆయన ఒక ఉపన్యాసంలో వడ్డీలు పెంచడం ఇంకాస్త ముందే మొదలుపెట్టి, ఇంకాస్త గట్టిగా పెంచి ఉంటే దేశానికి మేలు జరిగేదని ఒప్పుకున్నారు. అయితే నిర్ణయం తీసుకునే నాటికి చేతిలో ఉన్నవి తొలి అంచనాలే, అసలు లెక్కలు సవరించుకుని తర్వాతెప్పుడో వచ్చాయి. ఆ స్థాయి మనిషి పదవిలో ఉండగానే అలా చెప్పడం నాకు చాలా పెద్ద విషయం. నీ వ్యాసంలో అసలు లేదు, నాకు బాధేసింది.

అంతకుముందు గవర్నరు వై.వి. రెడ్డి గారితో పోల్చి ఎవరు గొప్పో తేల్చిన పేరా తీసెయ్. రెడ్డి గారు 2005, 2006ల్లో రియల్ ఎస్టేట్ అప్పుల మీద బ్యాంకులకు బిగించిన షరతులు సుబ్బారావు గారి కాలంలో అక్కరకొచ్చాయి, ఆ ఒక్క మాట చాలు.

2010 మైక్రోఫైనాన్స్ గొడవ, అదే పేద ఆడవాళ్లకు చిన్న అప్పులిచ్చే కంపెనీల గొడవ, మాత్రం పెంచు. అక్టోబరులో వాటిని అదుపు చేయడానికి మన రాష్ట్రం ఆర్డినెన్స్ తెచ్చింది, రిజర్వ్ బ్యాంక్ మాలెగాం కమిటీ వేసింది, ఆ కంపెనీలకు విడిగా నిబంధనలు పెట్టింది. రిపోర్టు చదువు, కానీ ముందు మీ వీధిలో సంఘం ఆడవాళ్లని వారం వారం వాయిదా కట్టిన రోజుల గురించి అడుగు. నోట్‌బుక్ తీయకుండా కాసేపు విను.

పలాస వెళ్లే ముందు నాకు ఫోన్ చెయ్యి. ఆ షెడ్డాయన ఇంకా వ్యాపారంలోనే ఉన్నాడు, ఆ క్యాలెండర్లు అటక మీద దాచానన్నాడు.