ఏది మారాలో స్లాబే చెబుతుంది

ప్రశ్న: కాకినాడలో బీటెక్ సివిల్ చివరి సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం నాలుగంతస్తుల ఆఫీసు భవనానికి రివిట్ అనే భవన మోడలింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రీకాస్ట్ (ముందే పోసి తెచ్చే) హాలో కోర్ స్లాబులు, అంటే లోపల పొడవునా రంధ్రాలుండే స్లాబులు గీశాను. స్పాన్ (ఆధారాల మధ్య దూరం) మారినప్పుడల్లా మళ్లీ గీయకుండా పొడవు, వెడల్పు, మందం, లోపలి రంధ్రాల సంఖ్య అన్నీ మార్చుకోగలిగేలా ఒక ఫ్యామిలీ (రివిట్‌లో పదేపదే వాడుకునే నమూనా) తయారుచేశాను. ఇంటర్వ్యూలో దాన్ని చూపిస్తే, '1,143 మి.మీ. వెడల్పున్న ఈ స్లాబును ఎవరు పోస్తారు?' అని అడిగారు. జవాబు చెప్పలేకపోయాను. ఈ రంగంలో స్థిరపడాలంటే ఏం నేర్చుకోవాలి? అమీర్‌పేటలో ఆరు నెలల బిమ్ (భవనాల డిజిటల్ మోడలింగ్) కోర్సులో చేరమని నాన్నగారు అంటున్నారు. చేరమంటారా?

జవాబు: మిమ్మల్ని ఇంటర్వ్యూ చేసినవారు మీ రివిట్ నైపుణ్యాన్ని శంకించినట్టు లేదు. 8 మీటర్ల బేను (రెండు గ్రిడ్ గీతల మధ్య భాగాన్ని) మీ ఫ్యామిలీ ఏడు సమాన భాగాలు చేసింది, అందుకే 1,143 వచ్చింది. లెక్క సరైనదే కానీ, ఆ స్లాబును పోసే యంత్రం సాధారణంగా ఉండదు. ఏ కొలత మారవచ్చో, ఏది మారకూడదో తెలిసి గీశారా లేదా అన్నదే వారు తెలుసుకోవాలనుకున్నారు. సలహాలివ్వడం మొదలుపెట్టకముందు కొన్నేళ్లు డిజైన్ ఆఫీసులో పనిచేసినవాడిగా చెబుతున్నాను, నేను కూడా అదే అడిగేవాణ్ణి.

హాలో కోర్ స్లాబు తయారయ్యే తీరు ఒకసారి గుర్తుచేసుకోండి. వంద మీటర్లు, అంతకన్నా పొడవుండే బెడ్‌పై, అంటే పోత వేదికపై, స్టీలు స్ట్రాండ్లను (పేనిన తీగలను) లాగి బిగిస్తారు. వాటి మీదుగా యంత్రం కాంక్రీటును నొక్కుతూ, రంధ్రాలను తీర్చిదిద్దుతూ సాగిపోతుంది. కాంక్రీటు తగినంత బలం పుంజుకున్నాక కావలసిన పొడవులకు రంపంతో కోస్తారు. కనుక పొడవు మన ఇష్టం. వెడల్పు మాత్రం బెడ్‌ది, ఎక్కువచోట్ల 1,200 మి.మీ. మందం మెట్లు మెట్లుగా పెరుగుతుంది. ఐరోపా తయారీదారుల పట్టికల్లో 150, 200, 265, 320, 400 మి.మీ. తరచుగా కనిపిస్తాయి. రంధ్రాల సంఖ్య, ఆకారం యంత్రం నిర్ణయించేవి, డిజైనర్ మార్చేవి కావు.

ఇదే అవగాహనను ఫ్యామిలీలోకి దించండి. వెడల్పును స్థిరంగా ఉంచండి. ప్రతి మందానికీ ఒక టైపు పెట్టి, దాని అడ్డుకోతను తయారీదారు ఇచ్చిన ప్రొఫైల్ నుంచే తీసుకోండి. రంధ్రాల సంఖ్యను పారామీటర్‌గా (మార్చగల విలువగా) పెట్టవద్దు. పొడవొక్కటే ఇన్‌స్టాన్స్ పారామీటర్‌గా, అంటే ఒక్కో స్లాబుకు విడిగా మారేలా, స్వేచ్ఛగా ఉండాలి. బే వెడల్పును 1,200తో భాగించి, రౌండ్‌డౌన్ ఫార్ములాతో పూర్తి స్లాబుల సంఖ్య రాబట్టి, మిగిలినదాన్ని విడిగా చూపించండి. మీ 8 మీటర్ల బేలో ఆరు పూర్తి స్లాబులు 7.2 మీటర్లు ఆక్రమిస్తాయి, 800 మి.మీ. మిగులుతుంది.

ఆ 800 మి.మీ. దగ్గరే ఇంజినీరు పని మొదలవుతుంది. స్లాబును నిలువుగా చీల్చి అక్కడ వేయవచ్చు. అప్పుడు కోత రంధ్రాల మధ్య స్ట్రాండ్లున్న గోడమీద పడకుండా రంధ్రం మీదుగా వెళ్లాలి కాబట్టి, సరిగ్గా 800 దొరకకపోవచ్చు, తేడాను సైట్‌లో పోసే కాంక్రీటుతో పూరించాల్సి రావచ్చు. లేదా ఆ పట్టీ మొత్తాన్నీ సెంట్రింగ్ కట్టి అక్కడే పోయవచ్చు. ఇవేవీ వద్దనుకుంటే ఆర్కిటెక్టును కలిసి, గ్రిడ్‌ను 8.4 మీటర్లు చేస్తే ఏడు స్లాబులు కోత లేకుండా పడతాయని చెప్పవచ్చు. నా ఉద్దేశంలో ఈ మూడో మాట డిజైన్ తొలి వారంలోనే చెప్పగలిగిన కుర్రవాణ్ణి ఏ ఆఫీసూ వదులుకోదు.

పొడవును కూడా గ్రిడ్ గీత నుంచి గ్రిడ్ గీతకు కట్టేసి ఉంటారని అనుకుంటున్నాను. చాలామంది చేసే పొరపాటే అది. దూలాల మధ్యరేఖల దూరం 8,000 మి.మీ., దూలం వెడల్పు 300 అయితే, మధ్యలో ఖాళీ 7,700. ఇరువైపులా 75 చొప్పున ఆనిక (దూలంపై స్లాబు ఆనే కొలత) ఇస్తే స్లాబు పొడవు 7,850 అవుతుంది. దూలం పైన రెండు స్లాబుల చివర్ల మధ్య మిగిలే 150 మి.మీ. సందులో టై స్టీలు (స్లాబులను కలిపి కట్టే కడ్డీలు) వేసి కాంక్రీటు నింపుతారు. కాబట్టి ఆనిక కొలత పారామీటర్‌గా ఉండాలి, పొడవు దాని నుంచి పుట్టాలి. ఈ సందును చిన్నచూపు చూడకండి. 1968 మే 16న లండన్‌లో రోనన్ పాయింట్ అనే 22 అంతస్తుల ప్రీకాస్ట్ ప్యానెల్ భవనంలో 18వ అంతస్తులో గ్యాస్ పేలితే ఒక మూల మొత్తం కూలిపోయింది. ప్రీకాస్ట్ ముక్కలను ఒకదానితో ఒకటి గట్టిగా కట్టిపడేయాలన్న నిబంధనలు ఆ ప్రమాదం తర్వాతే బలపడ్డాయి.

మోడలింగ్ విషయంలో మరో సూచన. స్లాబులను ఫ్లోర్‌గా కాక స్ట్రక్చరల్ ఫ్రేమింగ్ (దూలాల తరహా) ఫ్యామిలీగా చేసి, బీమ్ సిస్టమ్ (దూలాలను వరుసగా పరిచే సాధనం) ద్వారా 1,200 దూరంతో పరిస్తే స్పాన్ దిశ స్పష్టంగా ఉంటుంది, ఒక్కో స్లాబుకు నంబరు వేయవచ్చు, కోత పట్టిక తేలిగ్గా తీయవచ్చు. రంధ్రాలను సూక్ష్మ వివరాల వీక్షణలో మాత్రమే చూపించండి, లేకపోతే వందల స్లాబుల మోడల్ నత్తనడక నడుస్తుంది. అయితే రంధ్రాలు లేని దిమ్మెగా గీసినప్పుడు బరువు తప్పుతుందని మరిచిపోకండి. 8 మీటర్ల పొడవు, 200 మి.మీ. మందం ఉన్న స్లాబు పూర్తి కాంక్రీటైతే 4.8 టన్నులు తూగుతుంది, హాలో కోర్ అయితే సుమారు 2.5 నుంచి 3 టన్నులే. బరువును టైపులో విడిగా రాయకపోతే క్రేన్ ఎంపిక దగ్గర నవ్వులపాలవుతారు. ప్రీస్ట్రెస్ (లాగి బిగించిన స్ట్రాండ్లు కాంక్రీటును నొక్కే బలం) వల్ల స్లాబు మధ్యలో కాస్త పైకి వంగి వస్తుంది. మోడల్‌లో అది బల్లపరుపుగానే కనిపిస్తుంది కాబట్టి పైపూత మందంలో ఆ వంపుకు చోటు వదలండి.

ఇక చదువు. ప్రీస్ట్రెస్‌డ్ కాంక్రీటు మీ కాలేజీలో ఎలక్టివ్‌గా ఉంటే కళ్లు మూసుకుని ఎంచుకోండి. భారతీయ ప్రమాణాల్లో ప్రీస్ట్రెస్‌డ్ కాంక్రీటుకు చెందిన ఐఎస్ 1343:2012, హాలో కోర్ వంటి యూనిట్లతో వేసే అంతస్తులకు సంబంధించిన ఐఎస్ 10297, ప్రీఫ్యాబ్ నిర్మాణానికి చెందిన ఐఎస్ 15916 ఈ మూడూ ముందేసుకుని చదవండి. స్పాన్ మందానికి సుమారు 40 రెట్లు దాటకుండా చూడటం తొలి అంచనాకు పనికొస్తుంది. తుది మాట తయారీదారు లోడ్ పట్టికదే. రివిట్ తర్వాత ప్రీకాస్ట్ డీటెయిలింగ్‌లో విరివిగా వాడే టెక్లా స్ట్రక్చర్స్ నేర్చుకోండి. హైదరాబాదులోని డీటెయిలింగ్ ఆఫీసులకూ, హాలో కోర్ వాడకం ఎక్కువగా ఉన్న గల్ఫ్ దేశాల పనులకూ ఈ రెండూ కలిసి ఉపయోగపడతాయి.

నాన్నగారు చెప్పిన కోర్సు విషయానికొస్తే, ఇప్పుడే చేరవద్దు. ఆటోడెస్క్ విద్యార్థులకు ఉచిత లైసెన్సు ఇస్తుంది, ఫ్యామిలీ కట్టడం మీకు ఇప్పటికే వచ్చు. మొదట కాలేజీ ఉత్తరంతో ఏదైనా ప్రీకాస్ట్ యార్డుకు వెళ్లి, రెండు రోజులు బెడ్ పక్కన నిలబడి కోత చూడండి. తిరిగివచ్చి ఫ్యామిలీని మార్చి, 8 మీటర్ల బేకూ 8.4 మీటర్ల బేకూ వచ్చిన స్లాబుల పట్టికలను పక్కపక్కన ఒకే షీటులో పెట్టండి. ఆ షీటుతో మూడు నాలుగు ఇంటర్వ్యూలకు వెళ్లండి. డీటెయిలింగ్ డ్రాయింగుల దగ్గర వెనకబడుతున్నారని తేలితే, అప్పుడు టెక్లా నేర్పే తక్కువ వ్యవధి కోర్సులో చేరవచ్చు. చేరేముందు ప్రీకాస్ట్ షాప్ డ్రాయింగులు (తయారీకి ఇచ్చే డ్రాయింగులు) నిజంగా చేసినవారే బోధిస్తున్నారో లేదో కనుక్కోండి.