ఆ మాటకు బదులేమొచ్చింది?

తిరుపతి,
ఆదివారం రాత్రి

చిరంజీవికి ఆశీస్సులు.

ఆడా మగా మాట్లాడుకునే తీరు మీద నువ్వు రాసిన వ్యాసం అందింది నాయనా. పధ్నాలుగు పేజీలూ రెండుసార్లు చదివాను. మొదటిసారి నువ్వు పడిన కష్టం కనిపించింది. రెండోసారి మాత్రం తొమ్మిదో పేజీలో రెండు వాక్యాల దగ్గర ఆగిపోయాను. పలమనేరు దగ్గర మీ ఊరి పాలకేంద్రంలో మీ అమ్మ "నిన్నటికీ ఇయ్యాల్టికీ ఫ్యాట్ ఇంత తగ్గిందేంది?" అని పాలలో వెన్న శాతం గురించి అడిగింది. లెక్క రాసే అతను తలెత్తకుండా, వెనక నిలబడిన మగమనిషి క్యాను అందుకున్నాడు. ఇంతే రాశావు. మరుసటి పేరాలో మళ్లీ "పితృస్వామ్య సంభాషణా వ్యూహాలు" అంటూ వెళ్లిపోయావు.

ఎందుకు వెళ్లిపోయావు? జెండర్ గురించి, అంటే ఆడా మగా ఇట్లా ఉండాలని సమాజం పెట్టే తీరు గురించి, సంభాషణ గురించి నువ్వు పోగేసిన సిద్ధాంతాలన్నీ ఆ పాలకేంద్రం బల్ల దగ్గరే ఉన్నాయి. అందుకే ఈ ఉత్తరం ఇంత పొడుగు రాస్తున్నాను.

నీ వ్యాసంలో సామాజిక శాస్త్రవేత్త పమేలా ఫిష్‌మన్ పేరు ఒక్కసారి వచ్చి పోయింది. ఆమె చేసిన పని గురించి ఒక్క ముక్కా లేదు. 1970లలో ఆమె అమెరికాలో మూడు జంటల ఇళ్లలో, వాళ్ల ఒప్పుదలతోనే, టేప్ రికార్డర్లు పెట్టింది. 52 గంటల మాటలు పోగయ్యాయి. అందులో కొంత భాగం అక్షరం అక్షరం రాసుకుని, ఎవరు ఏ విషయం ఎత్తారు, దాని గతి ఏమైంది అని లెక్క కట్టింది. మొత్తం 76 విషయాలు. ఆడవాళ్లు ఎత్తినవి 47. వాటిలో మాటగా సాగినవి 17. మగవాళ్లు ఎత్తినవి 29. సాగినవి 28. ఆ ఇళ్లలో ఆడవాళ్లను నోరు మూసుకోమని గద్దించాల్సిన పని పడలేదు. "ఊఁ" అనడమో, ఆ ఊఁ కూడా ఆలస్యంగా అనడమో చాలు, ఆడమనిషి మాట అక్కడే రాలిపోయేది. మగవాళ్లు ఎత్తిన మాటను మాత్రం ఆడవాళ్లు ప్రశ్నలు వేసి, అందించి, నిలబెట్టేవాళ్లు. సంభాషణను నడపడం కూడా ఒక చాకిరీ అనీ, అది ఎక్కువగా ఆడవాళ్ల మీదే పడుతోందనీ ఆమె చెప్పింది.

ఇది చదివాక ఒక ఆదివారం మా ఇంట్లో మధ్యాహ్నం భోజనాల దగ్గర నేనూ మనసులో లెక్క పెట్టాను. మా అత్తగారు, నేను, మా ఆయన, ఇద్దరు మరుదులు. మా అత్తగారు మోకాలి నొప్పి గురించి మూడుసార్లు ఎత్తారు. మూడుసార్లూ ఎవరో ఒకరు పప్పు అడిగారు. అప్పటికి పన్నెండేళ్లుగా ఆమెతో కలిసి ఒకే ఇంట్లో ఉంటున్నాను. ఆ మూడు మాటలు రాలిపోయినచోట నేనూ ఉన్నాను, నేనూ అందుకోలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తర్వాత నేను రాసిన కథలు వేరే రకంగా వచ్చాయంటే ఆ పూట వల్లనే.

అందుకే నీకు ముందుగా చెప్పేది ఇది. ఎవరు ఏం మాట్లాడారో అందరూ రాస్తారు. ఆ మాటకు ఏం బదులొచ్చిందో రాసుకో. బదులు రాకపోతే ఆ ఖాళీలో ఎవరు ఏం చేశారో రాసుకో. క్యాను అందుకోవడం కూడా ఒక బదులే.

రెండో పేజీలో "ఆడవాళ్లు రోజుకు 20 వేల మాటలు, మగవాళ్లు 7 వేల మాటలు మాట్లాడతారు" అని రాశావు. దాన్ని కొట్టెయ్. ఆ అంకెలు చాలా చోట్ల తిరిగాయి కానీ నిలబడలేదు. 2007లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధనలో 396 మంది విద్యార్థులకు చిన్న రికార్డర్లు తగిలించి విన్నారు. ఆడవాళ్లు రోజుకు సగటున 16,215 మాటలు, మగవాళ్లు 15,669. అంటే తేడా లేనట్టే. మంచి ఉద్దేశంతో రాసే వ్యాసంలో తప్పు అంకె ఒకటి దొరికితే చాలు, మిగతా పేజీలన్నీ పక్కన పడేసేందుకు జనానికి సాకు దొరుకుతుంది. మాటకు అడ్డు తగలడం గురించి నువ్వు రాసిన సామాజిక శాస్త్రవేత్తలు జిమ్మర్‌మన్, వెస్ట్‌ల 1975 లెక్క నిజమే. 48 సార్లు అడ్డు తగిలితే 46 సార్లు తగిలింది మగవాళ్లే. కానీ వాళ్లు చూసింది 11 ఆడ-మగ సంభాషణలు. తర్వాత వచ్చిన పరిశోధనలన్నీ అంత తేడా చూపలేదు. ఆ 11 అనే అంకె కూడా రాయి. చదివేవాళ్లకు నీ మీద నమ్మకం పెరుగుతుంది.

ఇక భాషా శాస్త్రవేత్త రాబిన్ లేకాఫ్. 1975లో ఆమె రాసినదాన్ని నువ్వు ఉన్నదున్నట్టు తెలుగులోకి దించేశావు. ఆడవాళ్లు వాక్యం చివర "కదా?" తగిలిస్తారనీ, "ఏమో", "అనుకుంటా" అంటూ నసుగుతారనీ. ఒకసారి చిత్తూరు బస్టాండులో పది నిమిషాలు నిలబడు నాయనా. మన వైపు మగవాళ్లు "కదబ్బా" లేకుండా వాక్యం ముగిస్తున్నారేమో విను. లేకాఫ్ తలుపు తెరిచిన మనిషి, ఆమెకు ఆ గౌరవం ఇవ్వాల్సిందే. కానీ ఆమె ఎక్కువగా తనకు తెలిసిన అమెరికన్ ఇంగ్లీషు మాట్లాడేవాళ్లను చూసి రాసింది. మన "కదా" పని వేరు.

ఈ తప్పు నేనూ చేశాను. నా తొలి కథల్లో ఒకదాంట్లో రైతు భార్య మూడు పేజీల పాటు నసుగుతూనే ఉంటుంది. మా అమ్మకు చదివి వినిపిస్తే, "నేనెప్పుడు అట్ల మాట్లాడినా?" అంది. నిజమే. దామలచెరువు మామిడి మండీలో తోతాపురి కాయల బండి దించేటప్పుడు మా అమ్మ గొంతు ఎట్లా ఉండేదో నాకు తెలుసు. "ధర తేల్చి చెప్పు, లేదంటే బండి తిప్పుకుంటా." ఆ వాక్యంలో ఏమో లేదు, అనుకుంటా లేదు. అదే అమ్మ సాయంత్రం ఇంట్లో మా నాయినతో నేరుగా మాట్లాడేది కాదు. నన్ను పిలిచి "మీ నాయిన్నడుగు, సంగటి పెట్టమంటాడేమో" అనేది. ఆయన రెండడుగుల దూరంలోనే కూర్చుని ఉండేవాడు. మనిషి ఒకటే, భాషలు రెండు. అప్పుడు "ఆడవాళ్ల భాష" అని దేన్ని అంటాం?

ఈ ప్రశ్నకు దగ్గరగా వచ్చినవాళ్లు పరిశోధకులు ఓబార్, ఆట్కిన్స్. నీ వ్యాసంలో వాళ్లు లేరు. అమెరికాలోని నార్త్ కరోలినా కోర్టుల్లో విచారణలు 150 గంటలకు పైగా రికార్డు చేసి, సాక్షుల మాటలు పరిశీలించి, 1980లో తేల్చి చెప్పారు. లేకాఫ్ ఆడవాళ్లవని చెప్పిన లక్షణాలు సమాజంలో కింద ఉన్న మగ సాక్షుల్లోనూ ఉన్నాయి. నిపుణులుగా వచ్చిన ఆడ సాక్షుల్లో బాగా తక్కువ. కాబట్టి దాన్ని బలం లేనివాళ్ల భాష అనమన్నారు. ఆడవాళ్లను ఎక్కువగా ఆ చోట నిలబెడుతున్నారు కాబట్టి అది వాళ్ల భాషలాగా కనిపిస్తోంది. మా అమ్మకు మండీలో కాయల బలం ఉంది, ఇంట్లో ఏ బలమూ లేదు. ఈ ఒక్క సంగతి అర్థమయ్యేందుకు నాకు పదేళ్లు పట్టింది. నీకు అంత పట్టకూడదని చెబుతున్నా.

భాషా శాస్త్రవేత్త డెబోరా టానెన్ మీద నాలుగు పేజీలు ఖర్చు చేశావు. ఆడవాళ్లు అనుబంధం కోసం, మగవాళ్లు సమాచారం కోసం మాట్లాడతారు, రెండు సంస్కృతుల మధ్య అపార్థంలాంటిది ఇది అని ఆమె 1990లో చెప్పింది. చదవడానికి హాయిగా ఉంటుంది, కొన్ని ఇళ్లలో నిజం కూడా. నాకు మాత్రం అది సరిపోదు. పాలకేంద్రంలో అపార్థం ఏముంది? మీ అమ్మ ప్రశ్న అతనికి బాగా అర్థమైంది. బదులు ఇవ్వకపోయినా తనకేమీ కాదని కూడా తెలుసు. నాలుగు పేజీలను ఒకటి చెయ్.

వ్యాకరణం గురించి నువ్వు రాసిన కోపం నాకు నచ్చింది, కానీ తొందరపడ్డావు. అన్న వచ్చాడు. వదిన వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది. 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి ఈ సంగతే సూత్రంగా పెట్టాడు. స్త్రీలు, జంతువులు, జడాలు కానివి మహత్తులు, మిగిలినవి అమహత్తులు. అది ఆయన కల్పించింది కాదు, భాషలో ఉన్నదాన్ని చెప్పాడు. దీన్నిబట్టి "తెలుగు భాషే స్త్రీని వస్తువుగా చూస్తుంది" అని తేల్చేశావు. మన పొలిమేర దాటితే తమిళం ఉంది కదా. అక్కడ ఆడమనిషికి విడిగా "వందాళ్" అని ఉంది, ఆవుతో కలపరు. మరి అక్కడి గుడియాత్తం ఊరి ఆడవాళ్ల బతుకు పలమనేరు ఆడవాళ్ల బతుకు కంటే అంత సుఖంగా ఉందా? క్రియ చివరి అక్షరం ఒక్కటే బతుకును తేల్చదు.

నిజంగా చూడాల్సింది ఇంకొకటి ఉంది. బహువచనంలో వదినలు వచ్చారు, అన్నలు వచ్చారు, ఇద్దరికీ ఒకటే రూపం. మర్యాదలోనూ అంతే, మేడమ్ వచ్చారు, సార్ వచ్చారు. అంటే తెలుగులో ఆడమనిషి ఆవు పక్క నుంచి లేచి మనుషుల వరసలోకి రావాలంటే గుంపులోనైనా ఉండాలి, మర్యాదైనా సంపాదించుకోవాలి. మగవాడికి "వచ్చాడు" పుట్టుకతోనే ఉంది. ఇక ఆ మర్యాద ఏ ఆడమనిషికి దొరుకుతోంది? కాలేజీలో మేడమ్‌కు "వచ్చారు". అదే వరండా ఊడ్చే ఆమెకు, వయసులో ఆ మేడమ్ తల్లంత ఉన్నా, "వచ్చింది", ఒక్కోసారి "రామ్మే". కులం, డబ్బు, ఆడతనం మూడూ కలిసి ఆ ఒక్క క్రియలో ఉన్నాయి. అమెరికా న్యాయశాస్త్ర పండితురాలు కింబర్లీ క్రెన్‌షా 1989లో చెప్పింది ఇట్లాంటి కలయిక గురించే. జనరల్ మోటార్స్ కార్ల కంపెనీ మీద నల్లజాతి ఆడవాళ్లు కేసు వేస్తే, జాతి వివక్ష అనండి, లేదా లింగ వివక్ష అనండి, రెండూ కలిపి కుదరదు అంది కోర్టు. ఆమె ఆలోచన అక్కడ మొదలవుతుంది. నీ వ్యాసంలో ఆమె పేరును చివరి పేజీలో మొక్కుబడిగా పెట్టావు. వరండా దగ్గరికి తెచ్చుకో.

ఒక్క విషయం రాయడం నాకు కష్టంగా ఉంది, అయినా రాస్తాను. కాలేజీ రోజుల్లో బస్సులో ఒకడు రోజూ నా వెనక నిలబడి చేసిన పనికి నా దగ్గర మాట లేదు. "ఏడిపిస్తున్నాడు" అని ఇంట్లో చెబితే "పట్టించుకోకు" అన్నారు. ఏడిపించడం అంటే చిన్నపిల్లల ఆట కదా, వాళ్ల తప్పు కూడా కాదు. ఇక కడుపునొప్పి అని చెప్పి వారం రోజులు కాలేజీ ఎగ్గొట్టాను. ఇంగ్లీషులో కూడా సెక్సువల్ హెరాస్‌మెంట్ అనే మాట 1970ల నడుమ ఆడవాళ్లు కూర్చుని కట్టుకున్నదే. మన దేశంలో పనిచోట ఈ వేధింపుల మీద సుప్రీంకోర్టు ఇచ్చిన విశాఖ తీర్పు 1997లో వచ్చింది, చట్టం 2013లో. "లైంగిక వేధింపు" అనే మాట ఇప్పుడు పల్లెలో కూడా తెలుసు. మానవ శాస్త్రవేత్తలు ఎడ్విన్ ఆర్డెనర్, షిర్లీ ఆర్డెనర్ మొదలుపెట్టి, చెరిస్ క్రామరే 1981లో సంభాషణ రంగంలోకి తెచ్చిన సిద్ధాంతం ఇదే. భాషలోని మాటలు ఎక్కువగా మగవాళ్ల అనుభవానికి కొలత పెట్టి కుట్టినవి. ఆడవాళ్లు తమ అనుభవాన్ని ఆ కొలతలోకి కుదించి చెప్పాల్సి వస్తుంది. నువ్వు దీన్ని "మూగ సమూహ సిద్ధాంతం" అన్నావు. మూగ అనకు. నేను మాట్లాడాను, మాట చాల్లేదు.

చివరగా మన తిరుపతి గంగజాతర. "జెండర్ ఒక వేషం అని తత్వవేత్త జూడిత్ బట్లర్ చెప్పింది, మన జాతరలో మగవాళ్లు చీర కట్టడం అదే" అని రాశావు. చాలామంది చేసే పొరపాటు ఇది. మొక్కు తీర్చుకునే మగవాడు చీర, పూలజడ సాయంత్రానికి తీసేస్తాడు. 1990లో బట్లర్ రాసింది అట్లా తీసి పక్కన పెట్టలేనిదాని గురించి. రోజూ చేసి చేసి, అదే నా స్వభావం అనిపించేదాని గురించి. జాతరలో వేషం వేసినవాణ్ణి కాదు, వేషం వేయించే ఆమెను చూడు. మా వీధిలో ఒకామె ప్రతి ఏడూ మొగుడికి కుచ్చిళ్లు సర్దుతూ "అడుగు చిన్నగా వెయ్యి, కొంగు పట్టుకో" అంటుంది. ఆ మాట ఆమెకు ఎనిమిదేళ్ల వయసులో ఎవరో చెప్పి ఉంటారు. 1987లో వెస్ట్, జిమ్మర్‌మన్ జెండర్‌ను మనం "చేస్తాం" అన్నప్పుడు, తప్పు చేస్తే సరిదిద్దడానికి చుట్టూ మనుషులు సిద్ధంగా ఉంటారని కూడా అన్నారు. ఆ "చిన్నగా వెయ్యి" అదే.

మే నెలలో జాతరకు రా. మా ఇంట్లోనే ఉండొచ్చు, మొహమాటపడకు. తాతయ్యగుంట గంగమ్మ గుడి దాకా ఇద్దరం నడిచి వెళ్దాం. జాతరలో వేసే మాతంగి వేషం, పేరంటాళ్ల వేషం దగ్గరనుంచి చూడొచ్చు.

ఈలోగా ఒక పని చెయ్. వ్యాసం పక్కన పెట్టి వారం రోజులు పొద్దున్నే మీ అమ్మతో పాలకేంద్రానికి వెళ్లు. ముందే ఆమెను అడిగి వెళ్లు. క్యాను నువ్వు మొయ్, మాట మాత్రం ఆమెనే మాట్లాడనీ. ఎవరెవరు ఏం అడిగారు, లెక్క రాసే అతను ఎవరి వైపు తలెత్తాడు, స్లిప్పు ఎవరి చేతికిచ్చాడు, ఎవరి ముందు పడేశాడు, అంతా రాసుకో. ఎనిమిదో రోజు మీ అమ్మకు చదివి వినిపించు. ఆమె ఎక్కడైనా "అట్ల కాదు" అంటే ఆ మాట కూడా రాసి, ఆ కాగితాలే ముందు నాకు పంపు.

నీ అక్కలాంటి,
తిరుపతి నుంచి