శెట్టిగారికి ముందు చెప్పు

చి.ల.సౌ. చిట్టికి,

నల్లకుంట నుంచి అత్తయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చిక్కడపల్లి ఇంటి కింది భాగమంతా, శెట్టిగారి కిరాణా ఉన్న రెండు షట్టర్లూ వెనక ఖాళీగా ఉన్న వాటా కలిపి, సూపర్‌మార్కెట్ కంపెనీ అడుగుతోందనీ, ఇప్పుడు వచ్చేదానికి మూడు రెట్లు ఇస్తామంటోందనీ రాశావు. వీధిలో సగం మంది ‘ఇచ్చేయండి, వీధికి కళ వస్తుంది’ అంటున్నారట. మిగతా సగం మీ నాన్నను తలచుకుని ‘మాస్టారు ఉంటే ఇలా చేసేవారా’ అని మీ అమ్మను గుమ్మంలో నిలబెట్టి అడుగుతున్నారట. నువ్వేమో బెంగళూరులో కూర్చుని ఇద్దరి మాటా నిజమే అనుకుంటూ నిద్ర పాడుచేసుకుంటున్నావు.

2007లో నేనూ మా ఇంటి కింది భాగం ఇలాంటి కంపెనీకే ఇచ్చాను. మంచి చేశానో చెడు చేశానో ఇప్పటికీ ఒక్క మాటలో చెప్పలేను. ఏమేం తప్పులు చేశానో మాత్రం చెప్పగలను. పెద్ద తప్పుతోనే మొదలుపెడతాను.

అప్పట్లో నా కింద కిరాణా నడిపిన ఆయన పద్దెనిమిదేళ్ల అద్దెదారు. బ్రోకరు కంపెనీ మాట తెచ్చాక నెల రోజులు ఆయనకు ఆ సంగతి చెప్పలేకపోయాను. పొద్దున్నే పాల ప్యాకెట్టు కోసం దిగడం, ‘రేపు చెబుదాంలే’ అనుకుని మెట్లెక్కడం. ఈలోగా కంపెనీ కుర్రాడొకడు నాకు కబురైనా లేకుండా టేపు పట్టుకుని వచ్చాడు. ముందు భాగం కొలవడానికి తోడు మనిషి లేడు. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న ఆయనను ‘అంకుల్, ఈ కొస కాస్త పట్టుకోండి’ అన్నాడు. ఆయన లేచి వచ్చి పట్టుకున్నాడు. మునిసిపాలిటీ మనిషనుకున్నాడట. అది ఎవరి కొలతో సాయంత్రానికి ఎవరో చెప్పారు. నన్ను పల్లెత్తు మాట అనలేదు. మర్నాడు నా ఖాతా లెక్కగట్టి, చీటీ మీద పైసలతో సహా రాసి, కుర్రాడితో పైకి పంపాడు. పద్దెనిమిదేళ్లలో ఆయన నన్ను డబ్బు అడగడం అదే మొదటిసారి.

అందుకని, ఇస్తావో ఇవ్వవో తరువాతి మాట, శెట్టిగారికి ముందు చెప్పు. ఫోనులో కాదు, ఈ పనికోసమే రైలెక్కి రా. నెల మొదటి వారం వద్దు, ఆయనకు ఊపిరాడదు. మధ్యాహ్నం రెండు దాటాక బేరాలు తగ్గుతాయి, అప్పుడు స్టూలు లాక్కుని కూర్చో. ‘ఇలా అడుగుతున్నారు, ఇంకా ఏమీ చెప్పలేదు, మీ ఆలోచన ఏమిటి’ అని అడుగు. ఆయన కూలిపోతాడని నువ్వే ఊహించుకోకు. అరవై దాటిన మనిషి, కొడుకు మాదాపూరులో ఉద్యోగం చేస్తున్నాడని నువ్వే రాశావు. పొద్దున ఆరింటికి షట్టరు లేపి రాత్రి పదింటికి దించే బతుకు ఇక చాలు అనుకుంటున్నాడేమో నీకేం తెలుసు? అనుకోకపోతే, దసరా దీపావళి వెళ్లేదాకా కదిలించవద్దు. ఆ పండుగల్లో బేరాలు ఎక్కువ, అప్పటికే సరుకు తెచ్చి పెట్టుకుని ఉంటాడు. ఆయన అడ్వాన్సు ఇప్పటి నుంచే విడిగా తీసి పెట్టు.

ఇక వీధి మాటలు. విను, కాని మాట అంటున్నవాళ్ల చేతిసంచి కూడా చూడు. నా మీద పంచాయతీ పెట్టడానికి మా ఎదురింటి వరండాలో పెద్దలు చేరిన రోజున, చిన్న వ్యాపారుల పొట్ట కొడుతున్నారని అందరికంటే గట్టిగా మాట్లాడిన ఆయన కుర్చీ పక్కన సూపర్‌మార్కెట్ సంచి ఉంది, అందులోంచి కాలీఫ్లవర్ తొంగి చూస్తోంది. నేనేమీ అనలేదు. నవ్వు ఆపుకోవడానికే సరిపోయింది. 2006లో రిలయన్స్ ఫ్రెష్ తన మొదటి దుకాణాలు తెరిచింది మన హైదరాబాదులోనే. ఆ రోజుల్లో ఊరంతా అంతే, తిట్టేవాళ్లూ వాళ్లే, చూసి వచ్చేవాళ్లూ వాళ్లే. ‘బయటివాళ్లు’ అన్న తిట్టు కూడా అన్నిటికీ అతకదు. రత్నదీప్ సూపర్‌మార్కెట్ 1987లో ఈ ఊళ్లోనే ఒక్క దుకాణంగా మొదలైంది. మందుల మెడ్‌ప్లస్ పుట్టింది కూడా ఇక్కడే.

అలాగని ఆ బాధంతా నటన అనుకోకు. మీ అమ్మ దగ్గర పనిచేసే ఆమెను అడిగి చూడు. ఆమె నూనె ప్యాకెట్టు లెక్కన కొనదు, పది రూపాయల లెక్కన కొంటుంది. కందిపప్పు పావుకిలో, చింతపండు గుప్పెడు, అదీ ఇరవయ్యో తారీఖు దాటాక అరువు. శెట్టిగారు కాగితం మడిచి పొట్లం కట్టి, పైనుంచి వేలాడే పురికొస ఒక్క గుంజు గుంజి ముడివేసి, ఖాతాలో ‘మేడమీద పనమ్మ’ అని రాసుకుంటాడు. సూపర్‌మార్కెట్లో ఆ పద్దుకు చోటు లేదు. ఆమె లోపలికి వెళ్తే గుమ్మం దగ్గర కాపలావాడు సంచి బయట పెట్టమంటాడు, నిన్ను అనడు.

ఇదే మా పనమ్మాయి కూతురిని అడిగితే ఇంకో కథ చెబుతుంది. మా ఇంటి కింద దుకాణం తెరిచాక ఆమెకు అక్కడే బిల్లింగ్ కౌంటరులో ఉద్యోగం దొరికింది. పదో తరగతి తప్పిన పిల్ల, నీలం చొక్కా వేసుకుని కంప్యూటరు ముందు నిలబడితే వాళ్లమ్మ వీధిలోంచి అద్దంలోకి చూసి వెళ్లేది. అయితే పొద్దంతా నిలబడే ఉండాలి, కూర్చోవడానికి లేదు. నేనొక ప్లాస్టిక్ స్టూలు కిందికి పంపితే మేనేజరు మర్యాదగా తిప్పి పంపాడు, కంపెనీ నియమం ఒప్పుకోదట. దుకాణాల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే హక్కు ఉండాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టం చేశాయని పేపర్లో చదివినప్పుడు నాకు ఆ స్టూలే గుర్తొచ్చింది. అది ఇప్పుడు మా స్నానాల గదిలో ఉంది.

మీ వీధిలో ఇంకొక వర్గం ఉంది, వాళ్లను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అశోక్‌నగర్, చిక్కడపల్లి హాస్టళ్లలో ఉండి గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు. ఆడపిల్లలకు శానిటరీ ప్యాడ్లు కావాలంటే కిరాణా దగ్గర మగవాళ్లు కదిలేదాకా పక్కన నిలబడాలి. తరువాత గొంతు తగ్గించి అడిగితే, ఆయన న్యూస్‌పేపర్లో చుట్టి, పైన నల్ల సంచిలో పెట్టి, దొంగసరుకులా చేతికిస్తాడు. సూపర్‌మార్కెట్లో అరలోంచి తీసి బుట్టలో వేసుకుంటారు, అంతే. వాళ్ల వయసులో నేనూ ఆ పక్కన నిలబడినదాన్నే. కిరాణా కొట్టు ఆప్యాయత గురించి మాట్లాడే మగవాళ్లకు ఈ ముక్క తట్టదు. ఆప్యాయత అంటే మనం ఏం కొంటున్నామో వీధికంతా తెలియడం కూడా.

సరే, ఇవ్వాలనే అనుకుంటే కాగితం సంగతి చూడు.

ఇల్లు ఇంకా మీ నాన్న పేరునే ఉంటే ముందు అది మార్పించండి. కంపెనీ వకీళ్లు అక్కడే ఆగిపోతారు, నెలలు గడుస్తాయి. ఏడాది దాటిన లీజు రిజిస్టరు కావలసిందే, పదకొండు నెలల కాగితంతో సరిపెడదామని బ్రోకరు అంటే వినకు. ప్లాను నివాసానికి మంజూరైందా, వ్యాపారానికా అన్నది చూసుకో. ఇంటిపన్ను, కరెంటు, నీళ్లు, మూడూ వ్యాపారం లెక్కలోకి మారి పెరుగుతాయి, పెరిగినదంతా వాళ్లే కట్టేలా రాయించు. అద్దెలో పది శాతం టీడీఎస్ కింద, అంటే ముందే పట్టుకునే ఆదాయపు పన్ను కింద, కోసి మిగతాది వేస్తారు, మీ అమ్మ రిటర్ను వేస్తేనే అది లెక్కకు వస్తుంది. మీ అమ్మ జీఎస్టీలో నమోదు కాలేదు కనుక అద్దె మీద ఆ పన్ను కట్టే బాధ్యత 2024 అక్టోబరు నుంచి వాళ్లదే. దాన్ని అద్దెలోంచి తగ్గిస్తామంటే ఒప్పుకోకు.

అసలు మెలిక వేరే ఉంది. వాళ్లు పంపే ముసాయిదా ముప్పై పేజీలుంటుంది, ఇంగ్లీషులో ఉంటుంది. నాకు వచ్చినదానిలో తొమ్మిదేళ్లపాటు నేను వాళ్లను ఖాళీ చేయించకూడదు, వాళ్లు మాత్రం మూడు నెలల నోటీసు ఇచ్చి ఎప్పుడైనా వెళ్లిపోవచ్చు. చదివే సంతకం పెట్టాను. అంత పెద్ద కంపెనీ ఎందుకు వెళ్తుంది అనుకున్నాను. రెండేళ్లకు వెళ్లింది. మూడు నెలల నోటీసు కూడా సరిగా ఇవ్వలేదు. గోడలకు పిడికిలి పట్టేంత కన్నాలు, కట్టని కరెంటు బిల్లు, విరిగిన అరలు మిగిల్చారు. పదకొండు నెలలు షట్టరుకు తాళం. కిరాణా ఆయన అప్పటికే రామ్‌నగర్ వైపు వెళ్లిపోయాడు. పెరుగు ప్యాకెట్టుకు కూడా మా వీధివాళ్లు మెయిన్ రోడ్డు దాటవలసి వచ్చింది. ఆ పదకొండు నెలలూ వరండా పెద్దలు నన్ను చూసినప్పుడల్లా ఆ తాళం వైపు చూసేవారు.

కాబట్టి మొదటి మూడేళ్లు వాళ్లు కూడా కదలకూడదు, కదిలితే మిగిలిన నెలల అద్దె కట్టాలి అని రాయించు. వాళ్లు మొదట కుదరదంటారు, తరువాత దిగివస్తారు. మూడేళ్లకొకసారి పదిహేను శాతం పెంపు, ఆరు నెలల అడ్వాన్సు, వెళ్లేటప్పుడు గోడలు బాగుచేసి ఇవ్వడం, ఇవన్నీ అడగదగ్గవే. కంపెనీ చేతులు మారితే కొత్త యజమాని ఇవే షరతులకు కట్టుబడాలని ఒక వాక్యం ఉండి తీరాలి. మన ఊళ్లో త్రినేత్ర సూపర్‌మార్కెట్ 2007లో బిర్లాల చేతికి వెళ్లి మోర్ అయింది. హెరిటేజ్ ఫ్రెష్‌ను 2016లో ఫ్యూచర్ గ్రూపుకు అమ్మారు. 2022కల్లా ఆ ఫ్యూచర్ వాళ్ల బిగ్‌బజార్ బోర్డులే దిగిపోయాయి. బోర్డు మారిన రోజున అద్దె ఎవరిని అడగాలో నీ కాగితమే చెప్పాలి.

ఏసీల బయటి పెట్టెలు ఎక్కడ బిగిస్తారో గోడ మీద సుద్దతో గీయించి, ఆ ఫోటో కాగితానికి జతచేయించు. దీన్ని చిన్న విషయమనుకోకు. దుకాణం మూసినా ఫ్రిజ్‌ల యంత్రాలు ఆగవు. నా మంచం పక్కన రాత్రి పెట్టుకున్న నీళ్లగ్లాసులో సన్నటి అలలు కదిలేవి, చూస్తూ పడుకునేదాన్ని. తెల్లవారుజామున ఐదింటికి పాల ట్రేలు దింపే చప్పుడు వేరే. మీ అమ్మ పడకగది ముందువైపే కదా, పెట్టెలన్నీ వెనక్కి పెట్టాలి. ఇంటి ముందున్న తులసికోట, ఖాళీ జాగా లీజులో కలపవద్దు. పార్కింగు అంటారు, నెల తిరిగేసరికి తోపుడుబండ్లూ ఖాళీ డబ్బాలూ చేరతాయి.

నా మాట అడిగావు కాబట్టి చెబుతున్నాను, ఇవ్వు. మీ అమ్మ మందుల ఖర్చు వీధివాళ్లు పెట్టరు. అయితే అంతా ఇవ్వకు. మెట్ల కింద గదీ దాని పక్కన కుడివైపు షట్టరూ అట్టిపెట్టుకో. ఆ కాస్తా తగ్గితే కంపెనీ గునుస్తుంది, అద్దె తగ్గిస్తానంటుంది, తగ్గనీ. ఆ గదీ షట్టరూ శెట్టిగారికి పాత అద్దెకే ఇవ్వు. లూజు పప్పులు, పూజసామాను, చిల్లర సరుకు, అరువు, ఇవి పక్కవాళ్లు అమ్మరు. ముసాయిదాలో ‘ఈ భవనంలో మరో కిరాణా ఉండరాదు’ అని ఒక షరతు దూర్చుతారు, ఇరవయ్యో పేజీ తరువాత వెతుకు, కొట్టేయించు. శెట్టిగారు వద్దంటే అది ఆయన ఇష్టం, కాని అడిగి ఉండాలి.

ముసాయిదా నాకు కొరియరులో పంపు. ఫోనులో పంపితే అక్షరాలు కనిపించవు. శెట్టిగారి దగ్గరికి వెళ్లే ముందు మీ అమ్మను అడిగి, ఖాతాలో బాకీ ఎంతుందో తెలుసుకుని డబ్బు చేతిలో పట్టుకుని వెళ్లు. కిందటి నెల కొబ్బరికాయలకు ఇవ్వలేదని నాతో అంది.

ఇట్లు
మీ అత్తయ్య