మల్లె ఏపుగా పెరుగుతోంది, మొగ్గ మాత్రం వేయడం లేదు. ఏం చేయాలి?

విశాఖ లాసన్స్ బే కాలనీలో డాబా మీద కుండీలో మూడేళ్లుగా ఉన్న గుండుమల్లె గుబురుగా పెరిగిందని, కిందటి వేసవి మొత్తానికి పాతిక పూలైనా రాలేదని రాశారు. రోజూ రెండు పూటలా నీళ్లు, నెలనెలా గుప్పెడు యూరియా వేస్తున్నానన్నారు. మీ మొక్కకి జబ్బేమీ లేదండి, తిండి ఎక్కువైంది. మల్లె మొగ్గ వేసేది కొత్త చిగురు కొసనే. ముదురు కొమ్మ ఎంత బలంగా ఉన్నా దాన్నుంచి కొత్త చిగురు లేస్తేనే పువ్వు. యూరియా ఆకును పెంచుతుంది తప్ప మొగ్గని తేదు.

ఇది నాకు తుఫాను నేర్పింది. మాది పెదవాల్తేరు. పెరట్లో మా అత్తగారు పాతిన మల్లెపొద ఉండేది. దాని మీద కత్తెర పెట్టడానికి నాకు చేతులు వచ్చేవి కావు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. మర్నాడు బయటికొచ్చి చూస్తే కైలాసగిరి కొండ కాల్చినట్టు గోధుమ రంగులో ఉంది. మా పొదకి ఒక్క ఆకు లేదు, లేత కొమ్మలన్నీ ఉప్పుగాలికి మాడిపోయాయి. కరెంటు లేదు, మోటారు ఆడదు, తాగే నీళ్లకే కటకటగా ఉంటే మొక్కకి పోసేదెక్కడ? మొదలు దగ్గర గోరుతో గీకి చూశాను. బెరడు కింద సన్నగా పచ్చని గీత కనబడింది. ప్రాణం ఉందని, మాడినదంతా అడుగు ఎత్తుకి కోసేసి వదిలేశాను.

ఆ తర్వాతి వేసవిలో రోజూ తవ్వెడు మొగ్గలు కోసుకున్నాం. వీధిలో అందరికీ పంచినా మిగిలేవి. మరుసటేడు మళ్లీ ప్రేమకొద్దీ నీళ్లూ ఎరువూ పోశాను, మళ్లీ ఆకులే. ఆనందపురం వైపు నుంచి పూలు తెచ్చే పెద్దావిడకి చెప్పుకుంటే, ‘ఆకు దుయ్యకుండా పువ్వెలాగొస్తాదమ్మా? సలికాలం దాని కడుపు మాడ్సాల’ అంది. అప్పటినుంచీ ఏటా అదే చేస్తున్నాను.

ఇప్పుడు నవంబరు కాబట్టి సరైన వేళకే అడిగారు. యూరియా ఈ రోజే ఆపేయండి. నెలాఖరుకి వానలు తగ్గుముఖం పట్టాక నీళ్లు తగ్గిస్తూ రండి. డిసెంబరులో నేను మట్టిలో వేలు పెట్టి చూసి, రెండు కణుపుల లోతు దాకా పొడిగా ఉంటేనే ఓ చెంబుడు పోస్తాను. ఆకులు వాడి, పసుపెక్కి రాలుతాయి. కంగారు పడకండి. సంక్రాంతికి ముందు మిగిలిన ఆకులు తీసేస్తాను. లాగితే ఒక్కోసారి బెరడు చీలి, ఆకు మొదట్లో చిగురు పుట్టే కన్ను పోతుంది. అందుకే కత్తెరతో కాడ దగ్గర కత్తిరిస్తాను. ఆ తర్వాత కొమ్మల్ని సగానికి పైగా తగ్గించి, ఎండుపుల్లలూ, లోపలికి అల్లుకున్న తీగలూ తీసేస్తాను. పై మట్టి నాలుగు వేళ్ల మందం గుల్ల చేసి, బాగా చివికిన గత్తం (పశువుల ఎరువు) రెండు దోసిళ్లు, ఎముకల పొడి ఓ గుప్పెడు కలిపి, అప్పుడు నిండా నీళ్లు పోస్తాను. పది పదిహేను రోజుల్లో కణుపు కణుపుకీ లేత చిగుళ్లు పొడుచుకొస్తాయి.

మార్చిలో చిగురు కొసన మూడేసి మొగ్గలు కనబడతాయి. నడిమిది ముందు ఉబ్బుతుంది, పక్కవి తర్వాత. అవి తెల్లబడి గట్టిగా ఉన్నప్పుడు సాయంత్రం నాలుగు దాటాక కోయండి. ఒక విడత పూత అయ్యాక ఆ కొసల్ని రెండు జతల ఆకుల వరకూ తుంచితే మళ్లీ చిగురుస్తుంది. ఇది మానేసే వాళ్లే ఎక్కువ, అందుకే మేలోనే పూత ఆగిపోయిందంటారు.

మీ ఇల్లు సముద్రానికి మరీ దగ్గర కనుక ఇంకో మాట. కుండీని తూర్పు పిట్టగోడ మీద పెట్టకండి. నేరుగా గాలి తగలకుండా, ఆరు గంటలకి తక్కువ కాకుండా ఎండ పడే చోటు చూడండి. నీడలో ఉంటే పైన చెప్పినవన్నీ చేసినా ఫలితం ఉండదు. ఆకుల అంచులు గోధుమ రంగుకి మాడుతుంటే బోరు నీళ్లు ఉప్పగా ఉన్నాయేమో నోట్లో వేసుకుని చూడండి. అలా అయితే కుళాయి నీళ్లే పోసి, వారానికోసారి ఆకులు కూడా కడగండి.

మొగ్గలు ఊదారంగుకి తిరిగి సన్నటి రంధ్రం కనబడితే లోపల పురుగు ఉన్నట్టు. ఏరి దూరంగా పారేసి, లీటరు నీళ్లకి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట చల్లండి.

కత్తిరించిన వాటిలో పెన్సిలు లావు కొమ్మలు పారేయకండి. జానెడు ముక్కలు చేసి తడి ఇసుకలో గుచ్చి నీడన ఉంచండి. చలికాలంలో కాస్త నిదానమే. నేను కిందటేడు అయిదు గుచ్చితే రెండు వేళ్లూనాయి, ఒకటి మా ఎదురింటి వాళ్ల గేటు పక్కన ఈ వేసవిలో పూసింది.