పాప బ్రిట్ స్కూల్ అంటోంది, మీరు ఏ-లెవెల్స్ అంటున్నారు

ప్రశ్న: మేం లండన్‌లో, క్రాయిడన్‌లో ఉంటాం. మా అమ్మాయి ఇయర్ 11, అంటే మన పదో తరగతి లాంటిది. చిన్నప్పటి నుంచి శనివారం కర్ణాటక సంగీతం క్లాసుకి పంపాం. ఇప్పుడు అది మానేసి, లాప్‌టాప్‌లో తన గొంతునే ముక్కలు చేసి మెషిన్ గొంతులా మారుస్తూ కూర్చుంటోంది. ఎఫ్‌కేఏ ట్విగ్స్ అనే సింగర్‌లా అవుతుందట. మాథ్స్, కెమిస్ట్రీ ఏ-లెవెల్స్ (మన ఇంటర్ లాంటివి) వద్దట, సంగీతం, డాన్స్ లాంటి కళలు నేర్పే బ్రిట్ స్కూల్‌లో చేరుతుందట. ఆవిడ వీడియో ఒకటి చూశాం, స్తంభం పట్టుకుని డాన్స్. ఆవిడది జమైకా మూలం, వాళ్ళకి సంగీతం రక్తంలోనే ఉంటుంది, మనకి కుదురుతుందా? మా అన్నయ్య పిల్లలంతా మెడిసిన్, సాఫ్ట్‌వేర్. రెండు దారులూ పోల్చి చెప్పండి. - ఒక తండ్రి

జవాబు: సార్, పోలుస్తాను, కానీ ముందు ఆ రక్తం మాట వెనక్కి తీసుకోండి. ట్విగ్స్ తండ్రిది జమైకా మూలమే. పెంచింది మాత్రం తల్లి, మారుతండ్రి. 1988లో చెల్టెన్‌హామ్‌లో పుట్టి గ్లాస్టర్‌షైర్‌లో పెరిగిన పిల్ల. తల్లి డాన్సర్, జిమ్నాస్ట్, మారుతండ్రికి జాజ్ అంటే పిచ్చి, చిన్నతనంలోనే బాలే, ఒపెరా పాఠాలు చెప్పించారు. మీరు పంపిన శనివారం క్లాసుకీ దీనికీ పెద్ద తేడా ఏముంది? 2022లో వచ్చిన ఆమె మిక్స్‌టేప్‌లో (ఆల్బమ్ లాంటి పాటల సంకలనం) జమైకా డాన్స్‌హాల్ సంగీతపు లయలు గట్టిగానే వినిపిస్తాయి, తన మూలాలతో ఆమెకున్న బంధం నిజమైనదే, కానీ అది కూడా కూర్చుని చేసిన పనే. మీ పాపకి లెక్కల్లో మంచి మార్కులొస్తే "ఇండియన్స్ కదా, వాళ్ళకి పుట్టుకతోనే వస్తాయి" అని టీచర్ ఎవరైనా అంటే మీకు ఎలా ఉంటుంది? ఇదీ అంతే.

ఇక ఆ స్తంభం. 2017 చివర్లో ఆమెకి ఫైబ్రాయిడ్ల (గర్భాశయంలో గడ్డల) ఆపరేషన్ అయింది. ఆ తర్వాత పోల్ డాన్స్ నేర్చుకుని, 2019లో ఆ వీడియో చేసింది. మల్లఖంభం చేసే పిల్లల్ని చూసి చప్పట్లు కొడతాం కదా, అదే కళ్ళతో ఇంకోసారి చూడండి. చేతుల బలం మీద ఒళ్ళంతా నిలబెట్టడం అంటే ఏమిటో తెలుస్తుంది. నచ్చకపోతే నచ్చలేదని పాపకి చెప్పండి, ఫర్వాలేదు. సరిగ్గా చూడకుండానే అసహ్యించుకుంటే మాత్రం మీ మాట ఇంకెప్పుడూ వినదు.

నాకు ఇలాంటి ఉత్తరాలు చాలా వస్తాయి, సింగర్ పేరు మారుతుంది అంతే. అన్నిట్లోనూ అడుగున ఉండే భయం ఒకటే: పదహారేళ్ళకి తప్పు గేటులోంచి లోపలికి వెళ్తే ఇక బయటికి దారి ఉండదని. దానికి తోడు మీ అన్నయ్య. నిజం చెప్పండి, ఆయన పిల్లల ముచ్చట ఈ ప్రశ్నలోకి ఎందుకొచ్చింది?

ఆ భయానికి జవాబు మీ పాప ఆదర్శంగా ఎంచుకున్న ట్విగ్స్ జీవితంలోనే ఉంది. పదిహేడేళ్ళకి లండన్ వచ్చింది, డాన్స్ కోసం చేరింది బ్రిట్ స్కూల్‌లోనే. అది సరిపడక మీ క్రాయిడన్ కాలేజీకే మారింది, ఫైన్ ఆర్ట్స్‌కి. ఆ తర్వాత బ్యాకప్ డాన్సర్, జెస్సీ జె, కైలీ మినోగ్ లాంటి వాళ్ళ వీడియోల్లో వెనక వరుసలో. తన మొదటి ఈపీ (కొద్ది పాటల చిన్న ఆల్బమ్) సొంతంగా బ్యాండ్‌క్యాంప్ అనే సైట్‌లో పెట్టింది 2012 డిసెంబర్‌లో, అప్పటికి వయసు ఇరవై నాలుగు. మొదటి ఆల్బమ్ 2014లో, అది బ్రిటన్‌లో ఏటా ఆల్బమ్‌కి ఇచ్చే మెర్క్యురీ ప్రైజ్ నామినేషన్ దాకా వెళ్ళింది. అంటే లండన్ వచ్చాక ఏడేళ్ళ పాటు బంధువులు "అమ్మాయి ఏం చేస్తోంది" అని అడిగితే చెప్పుకోవడానికి గొప్పగా ఏమీ లేదు. కోర్సు మార్చింది, కాలేజీ మార్చింది, ఏదీ మూసుకుపోలేదు. మీ పాప కూడా పదిహేడేళ్ళకి "ఇది నాకు కాదు" అంటే కొంప మునగదు. ఒక ఏడాది వెనకబడుతుంది, అంతే.

ఇప్పుడు పాపకి కోపం వచ్చే మాటలు. ఈ ఉత్తరం ఎలాగూ తనూ చదువుతుంది. బెడ్‌రూమ్‌లో పాట చేసి స్పాటిఫైలో పెడితే చాలు, మిగతాది అదే చూసుకుంటుంది అనే ఫ్యాషన్ మీద నాకు అస్సలు నమ్మకం లేదు. 2024 నుంచి, గడిచిన పన్నెండు నెలల్లో వెయ్యి సార్లు కూడా ప్లే కాని పాటకి స్పాటిఫై రికార్డింగ్ రాయల్టీ ఇవ్వదు. వెయ్యి దాటినా వచ్చేది బస్సు ఛార్జీలకే. ఇంకో ఫ్యాషన్, పేరు చివర "మ్యూజిక్ ప్రొడక్షన్" అని తగిలించిన డిగ్రీలు. ఇంగ్లండ్‌లో ఫీజు 2025-26కి ఏడాదికి 9,535 పౌండ్లు, మూడేళ్ళకి ఇరవై ఎనిమిది వేలు దాటుతుంది, ఇంట్లో అన్నం తిని చదివినా సరే. అందులో చెప్పేది సాఫ్ట్‌వేర్ వాడకమే అయితే మీ పాప అది రాత్రిపూట తలుపు వేసుకుని ఉచితంగా నేర్చుకుంటోంది కదా, దానికి అప్పెందుకు? మంచి కోర్సులు లేవనను. సర్రే (Surrey) విశ్వవిద్యాలయంలో టోన్‌మైస్టర్ అనే సౌండ్ రికార్డింగ్ డిగ్రీ 1970 నుంచి నడుస్తోంది, మధ్యలో ఒక ఏడాది ఇండస్ట్రీలో పని చేయిస్తారు. లండన్‌లోని గిల్డ్‌హాల్ సంగీత, నాటక కళాశాలలోనూ ఎలక్ట్రానిక్ మ్యూజిక్‌కి డిగ్రీ ఉంది. వీటిలో సీటు తేలిక కాదు, తేలిగ్గా దొరికే సీటు మీదే నా అనుమానం.

ఇంతకీ ఎవరూ నేర్పనిది ఒకటుంది. మీ పాప, స్నేహితురాలు కలిసి ఒక మధ్యాహ్నం పాట చేశారనుకోండి. ట్యూన్ ఒకరిది, బీట్ ఇద్దరిదీ, మాటలు ఫోన్‌లో నోట్స్‌లో ఉన్నాయి. ఎవరి వాటా ఎంతో ఆ రోజే అదే నోట్స్ కింద రాసుకుని ఇద్దరూ ఒప్పుకోవాలి. పాట రాసినందుకు వచ్చే డబ్బు పీఆర్ఎస్ అనే సంస్థ ద్వారా వస్తుంది, రికార్డింగ్ రేడియోలో మోగినందుకు వచ్చేది పీపీఎల్ అనే ఇంకో సంస్థ ద్వారా. రెండూ వేరు, రెండు చోట్లా పేరు నమోదు కావాలి. పాట హిట్ అయ్యాక వాటాలు మాట్లాడుకుంటే స్నేహం మిగలదు. పెద్ద సింగర్లకీ ఇలాంటి కాగితాల తిప్పలు తప్పవు, 2025 ఏప్రిల్‌లో వీసా చిక్కుల వల్ల ట్విగ్స్ అమెరికా షోలే రద్దయ్యాయి. అంతకు ముందు ఏడాది అమెరికా సెనేట్ కమిటీ ముందు కూర్చుని, నా గొంతూ రూపమూ నా అనుమతి లేకుండా ఏఐతో వాడకుండా చట్టం కావాలని చెప్పింది. అదీ ఈ ఉద్యోగంలో భాగమే.

పోలిక అడిగారు కాబట్టి చెప్తున్నా. బ్రిట్ స్కూల్ ప్రభుత్వ నిధులతో నడిచేది, ఫీజు లేదు, అది ఉండే సెల్‌హర్స్ట్ మీకు బస్సు దూరం. అక్కడ దొరికేది తోటి పిల్లలు, స్టేజీ. ఏ-లెవెల్స్‌లో మాథ్స్ ఉంచుకుంటే టోన్‌మైస్టర్ లాంటి వాటికి దారి తెరిచి ఉంటుంది. మాథ్స్, మ్యూజిక్, మీ పాపకి నచ్చిన ఇంకొకటి కలిపి చదవడం కూడా మంచి దారే. కెమిస్ట్రీ వదిలేయండి సార్, అది మీ అన్నయ్య కోసం.

మెషిన్ గొంతు అన్నారు కదా. ట్విగ్స్ కూడా నేర్చుకున్న గొంతునే మెషిన్లోకి పంపుతుంది, నేర్చుకున్నది కాబట్టే అది ఎంత వంచినా విరగదు. పాప క్లాసు మానేసిందని బాధపడేకన్నా, ఆ ముక్కల్లో ఏ రాగం దాక్కుందో ఒకసారి అడగండి. చెప్తే ఓపిగ్గా వినండి, మధ్యలో "దీనికి ఎంతొస్తుంది" అని అడక్కండి.

ఆ తర్వాత రెండు అప్లికేషన్లూ వేయించండి, బ్రిట్ స్కూల్‌కీ, ఏ-లెవెల్స్ ఉన్న ఇంకో సిక్స్త్ ఫారమ్‌కీ (స్కూల్లో ఆఖరి రెండేళ్ళ చదువు). బ్రిట్ స్కూల్ వాళ్ళు ఆడిషన్‌కి పిలుస్తారు, దానికి మీరే వెంట వెళ్ళండి. గడువు తేదీలు ఈ వారమే చూసుకోండి, చాలామంది అక్కడే ఆలస్యం చేస్తున్నారు.